ఆటలో పన్ను ఊడితే, దవడకు దెబ్బ తగిలితే గ్రౌండ్‌లోనే ఏం చేయాలి? పీఈటీలు, డాక్టర్లు, తల్లిదండ్రులు చెప్పండి

పల్లె పీఈటీ

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నాను. మండల స్థాయి ఆటలు అయిపోయాయి. ఇక కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లను పై పోటీలకు తీసుకెళ్లాలి. నిన్న ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెరిచి చూశాను. దూది, అయోడిన్, క్రేప్ బ్యాండేజీ, నొప్పి స్ప్రే ఉన్నాయి. అన్నీ మోకాలికీ మడమకీ పనికొచ్చేవే. మూతికి దెబ్బ తగిలితే వాడటానికి ఏమీ లేదు.

పోయిన ఏడాది పక్క మండలం జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడు రైడర్ మడమ పట్టుకోబోయి వంగాడు. రైడర్ మోకాలు నేరుగా వాడి నోటికి తగిలింది. పై ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. ఎవరో దాన్ని కుళాయి కింద పెట్టి బ్రష్‌తో తోమి కడిగారు. ఇంకెవరో కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోమన్నారు. పళ్ల డాక్టర్ దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. ఆ పిల్లాడు ఇప్పుడు ఆటకు రావడం మానేశాడు. మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

నేనడిగేది ఇదే. అలాంటప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు నా చేతుల్లో ఏముంటుంది? పెట్టెలో ఏం పెట్టుకోవాలి? కబడ్డీ పిల్లలకు మౌత్‌గార్డ్ (ఆడేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు) పనికొస్తుందా?

పిల్లల పళ్ల డాక్టర్

మాస్టారూ, ఆ కుర్రాడి పన్ను ఊడిన మొదటి పావుగంటలో సరైన పని జరిగి ఉంటే అది నిలబడే అవకాశం బాగా ఉండేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, మీ తోటి పీఈటీలకు కూడా పంపండి.

పన్ను వేరు మీద పల్చటి పొర ఒకటి ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. పన్ను ఊడినప్పుడు ఆ పొర తెగి కొంత వేరుకే అంటుకుని బయటికొస్తుంది. అందులోని కణాలు తడిగా ఉంటే బతుకుతాయి, ఆరితే చచ్చిపోతాయి. గాలికి ఆరిపోతూ అరగంట ఉంటే చాలావరకు దెబ్బతింటాయి. గంట దాటితే బతికేవి దాదాపు ఉండవు. కుళాయి కింద బ్రష్‌తో తోమితే ఆ పొర అక్కడికక్కడే ఊడిపోతుంది, కాగితంలో చుడితే ఆరిపోతుంది.

కాబట్టి పన్నును నోట్లో బయటికి కనిపించే తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు. మట్టి అంటుకుని ఉంటే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి తొలపండి. అవి లేకపోతే ఆ పిల్లాడి ఉమ్మితోనే. గోకడం, గుడ్డతో తుడవడం, సబ్బు, డెట్టాల్, స్పిరిట్ ఏవీ వద్దు. పిల్లాడు తెలివిలో ఉండి, మీ మాట వింటుంటే ఆ పన్నును అక్కడే దాని గుంతలో పెట్టి వేలితో మెల్లగా నొక్కండి. ముందు వైపు ఏదో వెనక వైపు ఏదో పక్క పన్నును చూసి సరిచూసుకోండి. తర్వాత శుభ్రమైన చేతిరుమాలు మడిచి ఇచ్చి, దాన్ని కొరికి పట్టుకోమనండి. అలాగే బయల్దేరండి. మా దగ్గరికి పాలలో వచ్చిన పన్ను కంటే, గుంతలోనే కూర్చుని వచ్చిన పన్నుకు ఎక్కువ ఆయుష్షు.

పెట్టడానికి మీకు ధైర్యం చాలకపోయినా, పిల్లాడు నోరు తెరవకపోయినా వెంటనే పాలలో వేయండి. కాగబెట్టిన వేడి పాలు కాదు, చల్లటి ప్యాకెట్ పాలు. ఏ గ్రౌండ్ పక్కనైనా టీ కొట్టు ఉంటుంది, ఒక అర లీటరు ప్యాకెట్ తీసుకోండి చాలు. పాలు దొరక్కపోతే ఆ పిల్లాడినే చిన్న గ్లాసులో ఉమ్మమని, పన్నును అందులో ఉంచండి. మామూలు నీళ్లు మంచివి కావు. కానీ ఇంకేమీ లేనప్పుడు ఎండబెట్టడం కంటే నీళ్లే మేలు.

ఒక జాగ్రత్త: పాలపన్ను ఊడితే మళ్లీ పెట్టకూడదు. కింద పెరుగుతున్న అసలు పన్నుకు దెబ్బ తగులుతుంది. హైస్కూల్ పిల్లల ముందు పళ్లన్నీ శాశ్వత పళ్లే కాబట్టి మీకు ఆ అనుమానం రాదు. ప్రైమరీ పిల్లల్ని ఆడించే వాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి.

గోదారి కుర్రోడు

డాక్టర్ గారూ, మా వైపు గ్రౌండ్ దగ్గర పాలకంటే కొబ్బరి బోండాలే తొందరగా దొరుకుతాయి. కొబ్బరి నీళ్లలో వేయొచ్చా? శుభ్రంగానే ఉంటాయిగా.

పిల్లల పళ్ల డాక్టర్

శుభ్రంగా ఉండటం ఒక్కటే చాలదు తమ్ముడూ. కొబ్బరి నీళ్లకు ఆమ్ల గుణం ఉంటుంది, ఆ కణాలకు అది పడదు. దంత గాయాల అంతర్జాతీయ సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో పాలకే పెద్దపీట వేసింది. ఆ తర్వాత ఉమ్మి, సెలైన్. పాల కోసం బండి మీద ఒకణ్ని పంపించండి, అతను వచ్చేదాకా పన్ను ఉమ్మిలో ఉంటుంది.

హాస్టల్ పీడీ మేడమ్

నమస్తే. నేను తెలంగాణలో ఆడపిల్లల గురుకులంలో ఫిజికల్ డైరెక్టర్‌ని. మాస్టారు చెప్పిన కుర్రాడు ఆట మానేశాడన్నారు. మా పిల్లల విషయంలో మానేది పిల్ల కాదు, ఇంట్లో వాళ్లు మాన్పిస్తారు. కాలు విరిగితే కట్టు విప్పాక మళ్లీ పంపుతారు. పెదవి మీద కుట్లు పడితేనో, ముందు పన్ను విరిగితేనో మాత్రం మర్నాడే తండ్రి వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. "మొహం పాడైతే రేపు సంబంధం ఎవరిస్తారు మేడమ్" అంటాడు. ఆ మాట నాకు నచ్చదు. అయినా ఆయన కళ్లలో భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేను. నా జట్టులో మంచి క్యాచర్ ఒకమ్మాయి ఇలాగే ఆట మానేసింది. పన్ను చివర చిన్న ముక్క విరిగింది, అంతే.

అందుకే నాకు ఈ చర్చ ప్రథమ చికిత్సతో ఆగిపోకూడదు. దెబ్బ తగలకుండా ఏం చేయాలో చెప్పండి. మౌత్‌గార్డ్ గురించి మాస్టారు అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

పిల్లల పళ్ల డాక్టర్

మేడమ్, మౌత్‌గార్డ్ సంగతి రాస్తాను. దానికంటే ముందు ఆ అమ్మాయి విషయం. విరిగిన ముక్క దొరికి ఉంటే దాన్నే మళ్లీ అతికించవచ్చు. చాలాసార్లు గీత కూడా సరిగా కనపడనంత బాగా కుదురుతుంది. ముక్కను నీళ్లలో వేసి తీసుకొస్తే చాలు, ఊడిన పన్నుకున్న నియమం దీనికి లేదు. ముక్క దొరక్కపోయినా అదే రంగు కాంపోజిట్‌తో (పన్నుకు అతికించే పదార్థం) ఒక్కపూటలో సరిచేస్తారు. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తే మాత్రం నరం బయటపడినట్టు. అప్పుడు ఆలస్యం చేయొద్దు.

ముక్క ఎక్కడా దొరకలేదు, పెదవి మాత్రం చీలి వాచింది అంటే పెదవికి కూడా ఎక్స్‌రే తీయించండి. ముక్క పెదవి లోపలే ఉండిపోయి, పైన కుట్లు పడిపోయిన పిల్లలను నేను చూశాను. నెలల తరబడి గట్టి గడ్డలా తగులుతూ ఉంటుంది. అలాగే పన్ను మొత్తం ఊడి ఎక్కడా కనిపించకపోతే, పిల్లాడు దగ్గుతున్నా, ఊపిరి పీల్చడం ఇబ్బందిగా ఉన్నా ఛాతీ ఎక్స్‌రే తప్పదు. శ్వాసనాళంలోకి జారి ఉండవచ్చు.

ఆ అమ్మాయిని ఇప్పుడైనా ఒకసారి చూపించండి. పన్ను బాగుపడితే వాళ్ల నాన్నతో మీరు మాట్లాడటానికి ఒక దారి దొరుకుతుంది.

ఆఫ్ స్పిన్నర్

నేను ఇంజినీరింగ్ మూడో ఏడు, కాలేజీ క్రికెట్ టీమ్. మా దగ్గర సమస్య వేరు. 2002లో ఆంటిగ్వా టెస్టులో మెర్విన్ డిల్లన్ బంతికి దవడ విరిగినా అనిల్ కుంబ్లే మొహానికి కట్టు కట్టుకుని వచ్చి 14 ఓవర్లు వేశాడు, లారాను అవుట్ చేశాడు. మా సీనియర్లు ప్రతి మ్యాచ్ ముందూ ఇదే చెబుతారు. దాంతో ముక్కు మీద బంతి తగిలినా ఎవడూ బయటికి రాడు. రక్తం తుడుచుకుని బౌలింగ్‌కి వెళ్లిపోతాడు. బయటికొస్తే పిరికివాడని ముద్ర. కుంబ్లే అంటే నాకూ ప్రాణమే. కానీ మాకు ఫిజియో లేడు, డాక్టర్ లేడు, గ్రౌండ్ పక్కన బైక్ తప్ప వాహనం లేదు.

దవడ సర్జన్

విశాఖలో ఓరల్ సర్జన్‌ని. ఈ కుంబ్లే ఉదాహరణ నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల నోటి నుంచి కూడా వింటుంటాను. ఆయన పక్కన జట్టు వైద్య బృందం ఉంది, దవడ విరిగిందని తెలుసు, ఆపరేషన్ అవసరమనీ తెలుసు. ఆ వెంటనే చికిత్స కోసం బెంగళూరు వచ్చేశాడు. మీ గ్రౌండ్‌లో కుర్రాడికి విరిగిందో లేదో కూడా ఎవరికీ తెలియదు. తేడా అక్కడుంది.

దవడ విరిగిందా అని గ్రౌండ్‌లో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "పళ్లు ఎప్పటిలాగే కలుస్తున్నాయా?" కలవడం లేదు, ఒక వైపే తగులుతున్నాయి అంటే దవడ విరిగిందనే అనుకోండి. కింది పెదవి తిమ్మిరెక్కినా, నాలుక కింద నల్లగా రక్తం గడ్డకట్టినట్టు కనిపించినా అదే అర్థం. ఇక ఆట లేదు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా తీసుకురండి. నోట్లో రక్తం కారుతుంటే వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ముందుకు వంచి కూర్చోబెట్టండి.

ఇప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించే గాయం గురించి చెబుతాను. పిల్లాడు బోర్లా పడతాడు, గడ్డం కింద చీలుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరో, దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లోనో మూడు కుట్లు వేసి పంపేస్తారు. అందరి కళ్లూ ఆ చీలిక మీదే. గడ్డానికి తగిలిన దెబ్బ దవడ ఎముక వెంట పైకి పోయి, చెవి ముందున్న కీలు దగ్గర విరుస్తుంది. బయటికి ఏమీ కనపడదు. నోరు తెరిచినప్పుడు దవడ ఒక పక్కకు జరుగుతుంది, చెవి ముందు వేలు పెడితే నొప్పి, నోరు పూర్తిగా తెరుచుకోదు. ఇది పట్టించుకోకుండా వదిలేస్తే ఎదిగే పిల్లల్లో ఆ కీలు బిగుసుకుపోతుంది. కొన్నేళ్లకు నోట్లోకి వేలు కూడా దూరని స్థితి వస్తుంది. ఆ వైపు దవడ ఎదగదు, మొహం వంకర తిరుగుతుంది. కుట్లు వేసిన రోజే ఒక ఓపీజీ (దవడ మొత్తం ఒకే బొమ్మలో కనపడే) ఎక్స్‌రే తీసి ఉంటే, మెత్తటి ఆహారం, నోటి వ్యాయామాలతోనే చాలామందికి సరిపోయేది. పీఈటీలందరికీ నా విన్నపం ఇదొక్కటే: గడ్డం చీలిన పిల్లాడిని నోరు తెరిచి మూయమనండి, చెవుల ముందు వేళ్లు పెట్టి చూడండి.

ముక్కు గురించి కూడా. రక్తం కారితే తల వెనక్కి వాల్చడం మన దగ్గర అలవాటు, అది తప్పు. రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని గట్టిగా పట్టి పది నుంచి పదిహేను నిమిషాలు వదలకుండా ఉండాలి. మధ్యలో వదిలి "ఆగిందా" అని చూడొద్దు. రక్తం ఆగాక కూడా రెండు రంధ్రాలూ మూసుకుపోయినట్టు ఉంటే సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపల చూడండి. మధ్య గోడ మీద ఎర్రగానో ఊదాగానో మెత్తటి ఉబ్బు కనిపిస్తే అక్కడ రక్తం గడ్డకట్టిందన్నమాట. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దాన్ని తీసేయాలి. రోజులు గడిస్తే లోపలి మృదులాస్థి కుళ్లి ముక్కు మధ్యలో కుంగిపోతుంది.

ఇంకో సంగతి. కంటి కింద దెబ్బ తగిలిన పిల్లవాడు రెండు వస్తువులు కనిపిస్తున్నాయన్నా, పైకి చూడలేకపోతున్నా, ఊరికే వాంతి చేసుకుంటున్నా "ఎండ దెబ్బ" అనుకోవద్దు. కనుగుంట అడుగు ఎముక పగిలి కండరం ఇరుక్కుని ఉండవచ్చు. పిల్లల్లో కన్ను ఎర్రబడకుండానే ఇది జరుగుతుంది. గంటల్లో చూడాల్సిన కేసు. తలకు దెబ్బ తగిలినట్టు మైకం, మతిమరుపు ఉంటే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే.

ఆఫ్ స్పిన్నర్

థాంక్యూ సార్. ఈ పోస్టు మా టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. మా కీపర్‌కి కూడా చూపించాను. స్పిన్నర్లకు వికెట్ల దగ్గర నిలబడతాడు, హెల్మెట్ పెట్టుకోడు. 2012లో టాంటన్‌లో మార్క్ బౌచర్ కంటికి బెయిల్ ఎగిరి తగిలి కెరీర్ ముగిసింది, అది ఇంటర్నేషనల్ కీపర్ సంగతి అని చెప్పినా వినలేదు. ఇప్పుడు కొంచెం ఆలోచిస్తున్నాడు.

క్లబ్ కోచ్ సికింద్రాబాద్

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి. హెల్మెట్ ఉంటే సరిపోదు, గ్రిల్ ఎక్కడ బిగించారో చూడాలి. 2014లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వరుణ్ ఆరోన్ బంతి స్టువర్ట్ బ్రాడ్ హెల్మెట్ అంచుకూ గ్రిల్‌కూ మధ్య సందులోంచి దూసుకెళ్లి ముక్కు విరగ్గొట్టింది. మా దగ్గర పిల్లలు సరిగా కనిపించట్లేదని గ్రిల్‌ను కిందికి దించి బిగిస్తారు. సీనియర్ల పాత హెల్మెట్లు అండర్-13 పిల్లలకు ఇవ్వడం ఇంకో అలవాటు. అండర్-13 బంతి చిన్నది. పెద్ద బంతి ఆగే సందులోంచి చిన్న బంతి దూరిపోతుంది. 2013లో వచ్చిన బ్రిటిష్ హెల్మెట్ ప్రమాణంలో పెద్దల బంతికీ పిల్లల బంతికీ వేరు వేరు పరీక్షలున్నది ఇందుకే. నేను ప్రతి హెల్మెట్ తీసుకుని వాళ్లు ఆడే బంతినే ఆ సందులో పెట్టి నొక్కి చూస్తాను. దూరితే ఆ రోజు బ్యాటింగ్ లేదు.

ఇంకోటి, గాయాలు ఎక్కువ బ్యాటింగ్‌లో కాదు, ఫీల్డింగ్‌లో. గులకరాళ్లున్న అవుట్‌ఫీల్డ్‌లో కింద నుంచి వచ్చే బంతి రాయికి తగిలి నేరుగా మూతి మీదికి లేస్తుంది. ప్రాక్టీస్ మొదలయ్యే ముందు వరుసగా నడుస్తూ రాళ్లు ఏరించడం కూడా నా దృష్టిలో కోచింగే.

ఆక్లాండ్ తెలుగు

మేము న్యూజిలాండ్‌లో ఉంటాం. మా అబ్బాయి స్కూల్లో రగ్బీ ఆడతాడు. ఇక్కడ మౌత్‌గార్డ్ లేకుండా రగ్బీ మైదానంలోకి రానివ్వరు. 1997-98లో తప్పనిసరి చేశారు. ఇక్కడ ప్రమాద గాయాలకు ప్రభుత్వ బీమా ఉంది కాబట్టి లెక్కలు పక్కాగా ఉంటాయి. 1995 నుంచి 2003 మధ్య రగ్బీ వల్ల వచ్చే దంత క్లెయిమ్‌లు 43 శాతం తగ్గాయి. ఇక్కడి పిల్లలు తలుపు దగ్గర బూట్లతో పాటు గార్డ్ డబ్బా కూడా తీసుకుని బయల్దేరతారు, అది లేకపోతే ఆట లేదని వాళ్లకు తెలుసు. రూల్ పెట్టకముందు కూడా గార్డ్‌లు దొరికేవి, పెట్టుకునేవాళ్లు పెట్టుకునేవారు. రూల్ వచ్చాక అందరూ పెట్టుకున్నారు. మన స్కూల్ గేమ్స్‌లో కబడ్డీకీ హాకీకీ అలాంటి రూల్ ఎందుకు ఉండకూడదు?

డాలస్ నాన్న

అమెరికా హైస్కూళ్లలో ఫుట్‌బాల్, ఫీల్డ్ హాకీ, ఐస్ హాకీ, లాక్రోస్‌లకు తప్పనిసరి. ఫుట్‌బాల్‌లో అయితే పూర్తిగా తెల్లటిదీ పారదర్శకమైనదీ పనికిరాదు, రిఫరీకి దూరం నుంచి కనపడాలి. కానీ మా అమ్మాయి ఆడే బాస్కెట్‌బాల్‌కి రూల్ లేదు. మోచేతులు ఎక్కువగా మొహానికి తగిలేది అక్కడే. రూల్ ఉన్న ఆటే ప్రమాదం ఉన్న ఆట అని అనుకోకండి.

నెల్లూరు అమ్మ

డాలస్ వారు చెప్పింది నిజం. మా బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, బాస్కెట్‌బాల్. రీబౌండ్ కోసం ఎగిరినప్పుడు మోచెయ్యి తగిలి పై ముందు పన్ను లోపలికి ఒరిగిపోయింది. ఊడలేదు. మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో "ఇక ఇది నిలబడదమ్మా, తీసేసి బ్రిడ్జి వేద్దాం" అని కుర్చీలో కూర్చోబెట్టారు. నా చెయ్యి పట్టుకుని వాడు వద్దన్నాడు. డెంటల్ కాలేజీకి తీసుకెళ్తే అక్కడ మత్తు ఇచ్చి పన్నును దాని చోటికి తెచ్చి, పక్క పళ్లతో కలిపి సన్నటి తీగ కట్టారు. కొన్ని వారాలకు తీగ తీసేశారు. పన్ను గట్టిగానే ఉంది. ఇప్పుడు కొద్దిగా బూడిద రంగులోకి మారుతోంది. పాత క్లినిక్ వాళ్లు చెప్పిందే నిజమవుతుందేమో అని నాకు ఒకటే టెన్షన్. తీసేయాల్సిందేనా డాక్టర్ గారూ?

పిల్లల పళ్ల డాక్టర్

అమ్మా, తీసేయాల్సిన అవసరం లేదు. పదిహేనేళ్ల పిల్లాడి సొంత పన్నును అంత తేలిగ్గా తీయకూడదు. ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ వేయలేం. పన్ను లేకపోతే అక్కడి ఎముక పల్చబడిపోతుంది. ఊడి గంట దాటిన పన్నును కూడా ఈ వయసు పిల్లల్లో మళ్లీ పెట్టేది అందుకే. అది ఎముకకు అతుక్కుపోయి తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు, ఎదిగే కొద్దీ పక్క పళ్లకంటే పొట్టిగా కనపడవచ్చు. అయినా ఆ ఎముకనూ ఆ చోటునూ కొన్నేళ్లు కాపాడుతుంది.

రంగు మారినంత మాత్రాన లోపలి నరం చచ్చిపోయిందని చెప్పలేం. లోపల రక్తం ఊరి రంగు మారి, మళ్లీ తేరుకున్న పళ్లున్నాయి. చల్లదనం తగిలించి చూసే పరీక్ష, ఎక్స్‌రే రెండూ చేయించండి. వేరు చివర నల్లటి మచ్చ కనిపించినా, చిగురు మీద చీము పొక్కు లేచినా, పరీక్షలకు స్పందన లేకపోయినా రూట్ కెనాల్ చేస్తారు. అది చేస్తే పన్ను ఉంటుంది. రంగును లోపలి నుంచి తెల్లగా కూడా చేయవచ్చు.

ఈ సందర్భంగా అందరికీ. దెబ్బ తగిలిన పన్ను నొప్పి తగ్గిందంటే బాగుపడినట్టు కాదు. వేరు లోపల నుంచీ బయట నుంచీ నొప్పి లేకుండానే కరిగిపోతుంటుంది, ఎక్స్‌రేలో తప్ప తెలియదు. పూర్తిగా ఊడి మళ్లీ పెట్టిన పన్నుకైతే వేరు పూర్తిగా ఎదిగిన వయసులో రెండు వారాల లోపు రూట్ కెనాల్ మొదలుపెట్టాలి. ఆ తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా కనీసం ఐదేళ్లు చూపించుకోవాలి. తీగ కట్టిన రోజుల్లో మెత్తటి తిండి, మెత్తటి బ్రష్, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత. మట్టిలో పడిన పన్ను అయితే ధనుర్వాతం టీకా సంగతి అడగండి. పదేళ్లకూ పదహారేళ్లకూ స్కూల్లో ఇచ్చే టీడీ వేశారో లేదో చాలామంది ఇళ్లలో గుర్తుండదు.

కూత రైడర్

యూనివర్సిటీ దాకా కబడ్డీ ఆడాను, ఇప్పుడు మా ఊళ్లో పిల్లలకు నేర్పుతున్నాను. మౌత్‌గార్డ్ గురించి ఆడినవాడిగా చెబుతా. మొదట షాపులో దొరికే రెడీమేడ్ గార్డ్ కొన్నాను. పళ్లతో కొరికి పట్టుకుంటేనే నిలుస్తుంది, నోరు తెరిస్తే జారిపోతుంది. రైడర్‌కి కూత ఆగకూడదు, స్పష్టంగా వినపడాలి, లేకపోతే అంపైర్ అవుట్ ఇస్తాడు. కాబట్టి రైడర్లకు అది అస్సలు పనికిరాదు. తర్వాత వేడి నీళ్లలో ముంచి కొరికి అచ్చు వేసుకునే రకం వాడాను, కొంత నయం. చివరికి పళ్ల డాక్టర్ దగ్గర అచ్చు తీయించుకుని చేయించుకున్నది మాత్రం పై పళ్లకు పట్టేసి ఉంటుంది. మొదట్లో "కబడ్డీ"లో బ దగ్గర గాలి పోయినట్టు ఉండేది, ప్రాక్టీసులో కూత పెట్టగా పెట్టగా సరైపోయింది.

నిజానికి ఎక్కువ దెబ్బలు తినేది క్యాచర్లు. మడమ పట్టడానికి తల కిందికి దించుతాడు, అప్పుడే రైడర్ మోకాలు పైకి లేస్తుంది. చైన్ పట్టుకున్న ఇద్దరు ఒకేసారి దూకితే తల తల గుద్దుకుంటాయి. క్యాచర్‌కి కూత అవసరం లేదు. కాబట్టి మాస్టారూ, గార్డ్‌లు క్యాచర్లతో మొదలుపెట్టండి, అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. అలాగే మడమ పట్టేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, మొహం పక్కకు తిప్పి, భుజంతో వెళ్లడం నేర్పండి. మొహం ముందు పెట్టి పోయే పిల్లాడికి ఏ గార్డూ ఆగదు.

పిల్లల పళ్ల డాక్టర్

కూత రైడర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. డాక్టర్ దగ్గర చేసే గార్డ్‌లో ముందు పళ్ల మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, దెబ్బ ఒక్క పన్ను మీద పడకుండా పంచేస్తుంది. వేడి నీళ్ల రకంలో పిల్లలు గట్టిగా కొరికి ముందు భాగాన్ని పల్చగా చేసేస్తారు, రక్షణ కావాల్సిన చోటే పోతుంది. దగ్గరుండి చేయించండి, మెల్లగా కొరకమనండి. అయినా ఏమీ లేకపోవడం కంటే అది చాలా మేలు, ధర కూడా కొన్ని వందల్లోనే ఉంటుంది. చల్లటి నీళ్లతో కడగాలి, గాలి ఆడే డబ్బాలో పెట్టాలి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే వంకర తిరిగి పనికిరాకుండా పోతుంది. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు. ఎదిగే పిల్లలకు పళ్లు మారుతుంటాయి కాబట్టి ప్రతి సీజన్‌లో సరిచూడాలి.

అందరికీ ఒకేసారి కొనలేకపోతే ముందు పళ్లు ఎత్తుగా ఉన్న పిల్లలకు ముందు ఇవ్వండి. పై పళ్లు కింది పళ్లకంటే బాగా ముందుకు వచ్చి, పెదవి వాటిని పూర్తిగా కప్పని పిల్లలకు గాయం అయ్యే అవకాశం సుమారు రెండింతలు. జట్టును వరుసలో నిలబెట్టి చూస్తే వాళ్లెవరో మీకే తెలిసిపోతుంది.

హాస్టల్ పీడీ మేడమ్

నాకు కావాల్సింది దొరికింది. మా జట్టులో ముందు పళ్లు ఎత్తుగా ఉన్న పిల్లలు ముగ్గురు గుర్తొచ్చారు, ముగ్గురూ క్యాచర్లే. పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న అమ్మాయి కూడా ఒకతి ఉంది. ఆమెకు ఈ వేడి నీళ్ల రకం వాడొచ్చా?

పిల్లల పళ్ల డాక్టర్

వద్దు మేడమ్. మెత్తబడిన ప్లాస్టిక్ క్లిప్పుల్లోకి దిగి గట్టిపడుతుంది, లాగితే బ్రాకెట్లు ఊడిపోతాయి. పళ్లు కూడా జరుగుతూ ఉంటాయి, ఈ నెల అచ్చు వచ్చే నెలకు పట్టదు. క్లిప్పులున్న వాళ్లకు లోపల ఖాళీ వదిలి చేసే గార్డ్ ఉంటుంది, ఆమెకు క్లిప్పులు పెట్టిన డాక్టర్‌నే అడగండి. అది లేకుండా మాత్రం ఆడించకండి. దెబ్బ తగిలితే పెదవి లోపలి భాగం ఆ తీగలకు చీరుకుపోతుంది.

పల్లె పీఈటీ

అందరికీ ధన్యవాదాలు. పెట్టెలో సెలైన్ బాటిల్, మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బా, గాజ్, గ్లవ్స్, టార్చ్ చేర్చాను. మ్యాచ్ ఉన్న రోజు టీ కొట్టు ఆయనతో పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంచమని చెప్పి పెడుతున్నాను. గాయం మీద కాఫీ పొడి, పసుపు అద్దొద్దని పిల్లలకూ చెప్పాను, అది మా వాళ్లకు బాగా అలవాటు.

ఒక్క సాయం కావాలి. మా పిల్లల ఇళ్లలో గార్డ్ చేయించే స్తోమత లేదు. డెంటల్ కాలేజీల వాళ్లు బడికి వచ్చి అచ్చులు తీస్తారా? ఎవరిని అడగాలి?

దవడ సర్జన్

తీస్తారు. ప్రతి డెంటల్ కాలేజీలో ప్రజారోగ్య దంత వైద్య విభాగం ఉంటుంది, ఊళ్లకూ బడులకూ క్యాంపులు వేయడం వాళ్ల పనిలో భాగమే. మీకు దగ్గర్లో ఉన్న కాలేజీ ప్రిన్సిపాల్ పేరిట మీ హెచ్ఎం సంతకంతో ఉత్తరం రాయండి. ఎంతమంది పిల్లలు, ఏ ఆట, ఏ వయసు, ఎవరికి క్లిప్పులున్నాయి, మీ టోర్నమెంట్ తేదీ ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. అచ్చు తీశాక ల్యాబ్‌లో గార్డ్ తయారై, పెట్టి సరిచూసి, పిల్లలు దానితో కూత అలవాటు చేసుకోవాలి కాబట్టి పోటీలకు కనీసం నెల ముందే క్యాంప్ అడగండి. ఉత్తరంతో పాటు మీరే ఒకసారి స్వయంగా వెళ్లి ఆ విభాగం హెడ్‌ను కలిస్తే పని తొందరగా అవుతుంది. విశాఖ చుట్టుపక్కల పీఈటీలు ఎవరైనా ఉంటే నాకే ఇక్కడ మెసేజ్ పెట్టండి, మా పీజీ పిల్లల్ని నేను పంపిస్తాను.